అత్తగారి పళ్ళు, ఆమె చిగుళ్ళు

పొద్దున్న ఆరున్నరకి ఆమె చేతిలో అత్తగారి పళ్ళు ఉంటాయి. పైవరసా కింది వరసా రెండూ. సింకులో సగం దాకా నీళ్ళు నింపి, జారినా పగలకుండా అడుగున మెత్తటి తువ్వాలు పరిచి, రెండు తలల బ్రష్షుతో ఒక్కో పన్నూ లోపలా బయటా తోముతుంది. అత్తగారి నోటికి అతుక్కునే గులాబీ రంగు భాగాన్ని చిన్న తలతో తోమాలి. వేడినీళ్ళు తగలకూడదు. మామూలు పేస్టు వాడకూడదు, గీతలు పడతాయి. సాయంత్రం భోజనాలయ్యాక మళ్ళీ ఇదే వరస. ఆ తర్వాత మూత ఉన్న డబ్బాలో నీళ్ళు పోసి బిళ్ళ వేస్తే బుసబుసా పొంగుతుంది. ఇక తెల్లారేదాకా ఆ పళ్ళు అందులో హాయిగా పడుకుంటాయి. రాసిపెట్టి పుట్టాలి దేనికైనా, అనుకుంటుంది ఆమె డబ్బాకి మూత పెడుతూ.

ఆ కట్టుడు పళ్ళ సెట్టు ఇంటికొచ్చి రెండేళ్ళయింది. అత్తగారి పాత సెట్టు ఎందుకూ పనికిరాకుండా విరిగిపోతే, ఆమె భర్త ఆఫీసుకి సెలవు పెట్టి మరీ తల్లిని వెంటబెట్టుకు తిరిగి చేయించాడు. దాంతోపాటు డబ్బా, బ్రష్షు, పొంగే బిళ్ళలు కూడా తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. "అమ్మకి మణికట్టు నొప్పి కదా, నీ చెయ్యి నెమ్మది. నువ్వే చూసుకో" అన్నాడు. అంతే, ఇంటిపనుల్లో అదొకటి చేరిపోయింది. చేరినట్టు ఎవరూ గమనించలేదు, చేసేవాళ్ళు తప్ప. రోజూ సాయంత్రం టీవీ ముందు నుంచి లేవకుండానే అతను అడిగే మాట ఒకటుంది. "అమ్మ సెట్టు కడిగావా?"

ఇక ఆమె సొంత పళ్ళ సంగతి. స్టవ్ మీద పాలు పెట్టి, అవి పొంగేలోపు తోమేసుకుంటుంది. ఒక చెవి పాల దగ్గర, ఒక చెవి తలుపు దగ్గర. ఇంట్లో ఉన్నది ఒకటే బాత్రూం. అందులో భర్త గడ్డం గీసుకోవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, పాటలు పెట్టుకుని మరీ. ఎనిమిదో తరగతి కూతురు జడలు సరిచూసుకోవడానికి పది నిమిషాలు. ఆమె అలా లోపలికి అడుగుపెట్టిందో లేదో తలుపు మీద టకటక మొదలవుతుంది. "అమ్మా, నా సాక్సు." "ఎంతసేపోయ్, నాకు టైమవుతోంది." "అమ్మాయ్, నా సెట్టు." నురగ ఉమ్మేసి బయటికొచ్చేస్తుంది.

ఏడాదిగా ఆ నురగ గులాబీ రంగులో ఉంటోంది. కింద ఎడమవైపు బ్రష్షు తగిలితే చాలు నెత్తురు. మొదట భయపడింది. భర్తకి చెబితే పేపర్లోంచి తల ఎత్తకుండా, "ఉప్పునీళ్ళు పుక్కిలించు, అదే పోతుంది" అన్నాడు. పుక్కిలించింది. పోలేదు. ఇక తనకి తోచిన వైద్యం తను చేసుకుంది. నెత్తురొచ్చే చోట బ్రష్షు పెట్టడం మానేసింది. పుండు మీద ఎవరైనా గీకుతారా ఏమిటి, అనుకుంది. కొన్నాళ్ళు నెత్తురు కనబడకపోయేసరికి తగ్గిపోయిందనే అనుకుంది కూడా. ఆ తర్వాత ఒకసారి పక్క మీద ఏదో చెబుతుంటే భర్త మొహం అటు తిప్పుకుని, "ఏం తిన్నావే? అటు తిరిగి మాట్లాడు" అన్నాడు. అతనికి అది మాట కూడా కాదు. ఆమెకి మాత్రం ఆరోజు నుంచీ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి, నవ్వొస్తే చెయ్యి నోటికి అడ్డం వెళ్ళేది. అది చూసి అతను కూతురితో హాస్యాలాడేవాడు. "మీ అమ్మ అలిగిందే. మా అమ్మ అయితే ఒకసారి ఏకంగా రెండు నెలలు అలిగింది. నేను కాలేజీలో చేరిన ఏడు. ఒక్క మాట లేదు, పలుకు లేదు. ఎందుకో ఇప్పటికీ తెలీదు. ఆడవాళ్ళ అలకలకి కారణాలుంటాయా?" ఈ కథ చెప్పినప్పుడల్లా అత్తగారు లేచి తన గదిలోకి వెళ్ళిపోయేది. అది కూడా అలకే అని నవ్వేవాడు.

ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. వీధిలో అందరూ అద్దాలావిడ అంటారు. పదకొండేళ్ళుగా ముందువైపు కుర్చీ ఆమెదే. ఆ కుర్చీలో పని మాటలతో అయ్యేది కాదు. మనిషి ఎదురుగా కూర్చుని, మొహానికి మొహం జానెడు దూరంలో పెట్టి, ఫ్రేము ముక్కు మీద ఎక్కడ ఆనుతోందో, కాడ చెవి వెనక ఎక్కడ ఒరుసుకుంటోందో చూడాలి. కాడని వేడిగాలికి పట్టి పిసరంత వంచి మళ్ళీ పెట్టి చూడాలి. ఆమె వంచిన కాడ జారిందని తిరిగొచ్చినవాళ్ళు లేరు. ఈ ప్రపంచంలో ఆమెకి గర్వంగా ఉన్నది అదొక్కటే.

ఒక సోమవారం ఒక రిటైరైన మాస్టారికి ఫ్రేము సరిచేస్తోంది. ఆయన మెల్లగా తల వెనక్కి తీశాడు. ఆమె ముందుకి వంగింది. ఆయన ఇంకాస్త వెనక్కి జరిగి, జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకుంటున్నట్టు అడ్డం పెట్టుకున్నాడు. పెద్దమనిషి, ఏమీ అనలేదు. అనకపోవడమే ఆమెకి చెంపదెబ్బ అయింది. ఆయన వెళ్ళాక యజమాని పిలిచాడు. ఆయనా మర్యాదస్థుడే, ఎదురుగా ఉన్న క్యాలెండరుతో మాట్లాడాడు. "ఒక రెండు వారాలు మీరు లోపల లెన్సులు సర్దండి. ముందు కొత్తమ్మాయి కూర్చుంటుంది. ఆ తర్వాత చూద్దాం."

కొత్తమ్మాయి చేరి నెల కాలేదు. మంచిదే పాపం, వంకపెట్టడానికి లేదు. అదే ఒళ్ళు మండించింది. వెనకగదిలో లెన్సుల కవర్ల మీద అంకెలు చూసుకుంటూ, తలుపు సందులోంచి ఆమె తన కుర్చీని చూసింది. ఆ పిల్ల నవ్వుతోంది. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, నోరారా నవ్వుతోంది. ఆ పళ్ళు చూసి ఆమె కళ్ళు కుట్టాయి. కుట్టాయంటే మామూలుగా కాదు. ఆ పిల్లకి ఇంట్లో ఎవరూ లేరు కాబోలు తలుపు కొట్టేవాళ్ళు, అనుకుంది. ఆ పిల్లకి ఒక్క పన్ను పుచ్చినా బాగుండు, అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడింది. మళ్ళీ ఇంకోసారి అనుకుంది.

దుకాణం పైఅంతస్తులో పళ్ళ డాక్టరమ్మ ఉంది. పదకొండేళ్ళలో ఆ మెట్లు ఎక్కింది అత్తగారిని తీసుకుని మాత్రమే. ఆ మధ్యాహ్నం టిఫిను డబ్బా తెరవకుండానే తన కోసం ఎక్కింది. కుర్చీ వెనక్కి వాలింది. మొహం మీద లైటు వెలిగింది. డాక్టరమ్మ సన్నటి పుల్లలాంటి దానితో చిగుళ్ళు ఒక్కొక్కటే తాకి చూస్తూ అడిగింది.

"రోజూ ఎంతసేపు తోముతారమ్మా?"

"పొద్దున ఐదు నిమిషాలు, సాయంత్రం ఐదు నిమిషాలండి."

"సాయంత్రం కూడానా?"

"ఒక్క రోజు కూడా మానను. లోపలివైపు విడిగా చిన్న బ్రష్షుతో తోముతాను. తర్వాత బిళ్ళ వేసి నానబెడతాను."

డాక్టరమ్మ చెయ్యి ఆగింది. "ఏం నానబెడతారు?"

అప్పుడు ఆమెకి వెలిగింది. "అవి మా అత్తగారివండి" అంది.

"మరి మీవి?"

మీవి అనే మాటకి జవాబు వెతుక్కోవలసి వచ్చింది. "పాలు పొంగేలోపు తోముకుంటానండి" అంది, నవ్వబోయి. నవ్వు రాలేదు, కళ్ళ చివర నుంచి చెవుల్లోకి నీళ్ళు కారాయి. డాక్టరమ్మ నొప్పి పుట్టిందేమో అనుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది. నొప్పేం లేదు. ఇలా తన నోటి మీద ఒక మనిషి ఇంతసేపు వంగి చూడటం, పట్టి పట్టి చూడటం ఆమెకి ఎప్పుడూ జరగలేదు. తను రోజూ ఎందరి మొహాల మీద ఇలా వంగిందో గుర్తొచ్చింది. వాళ్ళందరి మీదా కూడా కుళ్ళు పుట్టింది.

డాక్టరమ్మ పళ్ళకి పట్టిన గార తీసి శుభ్రం చేసింది. చేతికి అద్దమిచ్చి చూపించింది. పళ్ళ మొదళ్ళలో చిగురు ఎర్రగా ఉబ్బి ఉంది. "ఇది పాచి వల్ల వచ్చిన వాపు. చిగురు వరకే ఉంది, ఎముక దాకా పోలేదు. అదృష్టవంతులు. ఇప్పుడైతే పూర్తిగా వెనక్కి వస్తుంది. అశ్రద్ధ చేశారా, ఎముక కరిగితే మాత్రం మళ్ళీ రాదు, పళ్ళు కదిలిపోతాయి. మెత్తటి బ్రష్షు తీసుకోండి. చిగురూ పన్నూ కలిసే చోట ఏటవాలుగా పెట్టి, గట్టిగా రుద్దకుండా చిన్నగా తిప్పండి. పొద్దునా, పడుకోబోయే ముందూ, రెండేసి నిమిషాలు. రోజుకొకసారి పళ్ళ సందుల్లో దారం."

"ఎడమవైపు నెత్తురొస్తుందని ముట్టుకోవడం మానేశానండి."

"అక్కడే ముట్టుకోవాలి. ముట్టుకోకపోతేనే వాస్తుంది. మొదటి మూడు నాలుగు రోజులు నెత్తురు ఇంకాస్త వస్తుంది, భయపడకండి. రెండు వారాల తర్వాత రండి, అప్పుడు నేను పుల్ల పెట్టినా నెత్తురు రాకూడదు."

రెండు వారాలు. కింద యజమాని ఇచ్చిన గడువూ అదే. రోజుకి నాలుగు నిమిషాలు దొరికితే కుర్చీ దక్కుతుంది, పళ్ళు దక్కుతాయి. నాలుగు నిమిషాలే కదా అనుకుంటూ మెట్లు దిగింది.

ఇంట్లో ఆ నాలుగు నిమిషాలు దొరకడం ఎంత కష్టమో వెతికితే తెలిసింది. మొదటిరోజు నలభై సెకన్లకి తలుపు మోగింది. రెండోరోజు గంట ముందే లేచింది. నీళ్ళ చప్పుడుకి మెలకువొచ్చిందని భర్త విసుక్కున్నాడు. మూడోరోజు తలుపు కొడుతున్నా తియ్యలేదు. బయటికొచ్చాక అతను ఆమె చేతిలోని దారపు చుట్టనీ, మొహాన్నీ మార్చి మార్చి చూసి, "ఈ వయసులో ఎవరికి చూపించడానికోయ్ ఈ సింగారం?" అన్నాడు. నెత్తురు డాక్టరమ్మ చెప్పినట్టే ఎక్కువైంది. ఎర్రగా ఉమ్మేసి, అద్దంలో మొహం చూసుకుని, ఏదో ఒకరోజు ఆగుతుందిలే అని తనకి తనే చెప్పుకుంది. సాయంత్రం మాత్రం రెండు నిమిషాలు కుదరనే లేదు. పళ్ళసెట్టు పని అయ్యేసరికి ఆమె కాళ్ళలో సత్తువ ఉండేది కాదు. తను నిలబడలేక పక్క మీద వాలేసరికి, డబ్బాలో ఆ పళ్ళు బుసబుసలాడుతూ స్నానం చేస్తుండేవి.

ఆమెకి కడుపుమంట మొదలైంది. నవ్వకండి, పళ్ళసెట్టు మీద కడుపుమంట. ప్లాస్టిక్ మీద. ఈ ఇంట్లో వాటికి వేళ ఉంది, తువ్వాలుంది, విడిగా బ్రష్షుంది, ఆరా తీసే మనిషి ఉన్నాడు. నెత్తురు రాదు, వాపు రాదు, వాసన రాదు. ఆరోరోజు సాయంత్రం భర్త ఆ డబ్బా మూత తీసి, లైటుకి ఎత్తి చూసి మురిసిపోయాడు. "ముత్యాల్లా ఉన్నాయే. ఈ పని మాత్రం నువ్వు బాగా చేస్తావు." పదిహేనేళ్ళ కాపురంలో అతను ఆమె చేతిపనిని మెచ్చుకున్నది అదే మొదలు. ఆ మెప్పు కూడా ఆ పళ్ళకే పోయింది.

మర్నాడు పొద్దున్న ఆమె సింకులో తువ్వాలు పరవలేదు. నీళ్ళూ నింపలేదు. మరిచిపోయానని ఎవరికైనా చెప్పగలదు, తనకి తను చెప్పుకోలేదు. కింది వరస చేతిలో ఉంది, తడిగా, జారుడుగా. వేళ్ళు కాస్త వదులు చేస్తే చాలు. చేసింది.

టంగుమని సింకు అంచుకి తగిలి, నేల మీద పడి, తలుపు దాకా జారింది. పక్కపన్ను ఒకటి ఊడి విడిగా దొర్లింది. తలుపు తీసే ఉంది. గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది, బుగ్గలు లోపలికి పోయి, చేత్తో నోరు మూసుకుని. ఎంతసేపట్నుంచి ఉందో తెలియదు. ఆ కళ్ళు చూస్తే అంతా చూసిందని తెలుస్తోంది.

"ఏమిటా చప్పుడు?" హాల్లోంచి భర్త కేక.

"నేనేరా" అంది అత్తగారు, వెనక్కి తిరక్కుండానే. "సబ్బుపెట్టె జారింది." లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. కష్టం మీద వంగి పన్ను తీసి కోడలి అరచేతిలో పెట్టింది. పళ్ళు లేని నోట్లో మాటలు మెత్తగా, గాలిగాలిగా వస్తున్నాయి. ఆమె చెవి ఒగ్గి వినవలసి వచ్చింది.

"కావాలనే వదిలావు."

"అత్తయ్యా..."

"అననీ. నాకూ నీ పళ్ళంటే అంతే. నువ్వు వంటింట్లో ఆపిల్ కొరికితే ఆ చప్పుడుకి నా గదిలో నాకు ఒళ్ళు మండేది. మణికట్టు నొప్పి అన్నాను చూడు, ఉంది, కానీ పళ్ళు తోముకోలేనంత లేదు. నీ చేత తోమిస్తే ఏదో తీరినట్టుండేది. ఏం తీరిందో మరి."

అత్తగారు సింకులోకి చూసింది. అంతకుముందే కోడలు ఉమ్మిన నురగ ఇంకా పూర్తిగా పోలేదు, అంచున సన్నగా ఎర్రటి చార ఉంది.

"నాకూ ఇలాగే వచ్చేది. ముప్పై అయిదేళ్ళప్పుడు. మీ మామయ్యకి చెబితే ఉప్పునీళ్ళు పుక్కిలించు, అదే పోతుంది అన్నారు. పుక్కిలించాను. దవడపళ్ళు ముందు కదిలాయి. నలభై మూడు వచ్చేసరికి మిగిలినవి కూడా పీకేశారు. ఆ పాత సెట్టు అప్పటిది. నువ్వేమనుకున్నావు, ముసలితనంతో పోయాయనుకున్నావా?"

అలాగే అనుకుంది. ఇంట్లో అందరూ అలాగే అనుకున్నారు. ఆమె చేతిలోని ఆ ఒక్క పన్నుని చూసుకుంది. ఇన్నాళ్ళూ తను దేని మీద కుళ్ళుకుందో ఇప్పుడు తెలిసింది. అది అత్తగారి వైభోగం కాదు. మరో ఐదారేళ్ళకి తన నోట్లోకి రాబోయే సామాను.

"ఎన్ని నిమిషాలు చెప్పింది డాక్టరు?" అడిగింది అత్తగారు.

"రెండు."

"నేను గుమ్మంలో కూర్చుంటాను. తోముకో."

ఆరోజు తలనొప్పని చెప్పి అత్తగారు గది దాటి రాలేదు. ఆమె సెట్టుని టిఫిను డబ్బా పక్కన పెట్టుకుని వెళ్ళి, డాక్టరమ్మ చేత పన్ను అతికించుకుని, సాయంత్రానికి తెచ్చి ఇచ్చేసింది. ఆ తర్వాత రోజూ పొద్దున్నా సాయంత్రం బాత్రూం బయట ఒక కుర్చీ వెలిసింది. అందులో అత్తగారు. కూతురొస్తే "సాక్సు బీరువాలో ఉంటాయి, వెతుక్కో." కొడుకొస్తే "ఆగు." ఎందుకని అతను అడగనూ లేదు, ఆవిడ చెప్పనూ లేదు. మణికట్టు కూడా అంతగా నొప్పి పుడుతున్నట్టు లేదు. సెట్టు తనే కడుక్కుంటానంది, కానీ ఆమె ఒప్పుకోలేదు. "వద్దత్తయ్యా. ఇది మీ పనీ కాదు, నా పనీ కాదు" అంది. మరెవరి పని అని ఆవిడ అడగలేదు. "వాడి ముందు నేనెప్పుడూ పళ్ళు తియ్యలేదే" అంది. అప్పటికి మాత్రం ఆమే కడుగుతూ వచ్చింది.

తొమ్మిదోరోజు నురగ తెల్లగా వచ్చింది. ఆమె నమ్మలేక మళ్ళీ తోముకుంది. పద్నాలుగోరోజు మధ్యాహ్నం డాక్టరమ్మ పుల్ల పెట్టి చుట్టూ చూసి, "ఎక్కడా లేదు" అంది. అద్దంలో చిగుళ్ళు లేతగా, పళ్ళకి అంటుకుని ఉన్నాయి. కింద దుకాణంలో ఆమె ఎవరినీ అడగకుండా వెళ్ళి తన కుర్చీ దగ్గర నిలబడింది. కొత్తమ్మాయి వెంటనే లేచి, "రండక్కా. నేను వంచిన కాడలన్నీ జారిపోతున్నాయని తిరిగొస్తున్నారు. ఎలాగో చూపిస్తారా?" అంది. ఆ పళ్ళు ఇంకా మెరుస్తూనే ఉన్నాయి. ఆమెకి ఇంకా కొంచెం కుట్టింది, కొంచెమే. యజమాని క్యాలెండరు వైపు తిరిగి ఏదో అనబోయాడు గాని, అప్పటికే ఆమె ఒకరి మొహం మీదికి వంగి ఉంది. ఆ మొహం వెనక్కి జరగలేదు.

ఆ సాయంత్రం భోజనాలయ్యాయి. టీవీ ముందు నుంచి మాట వచ్చింది. "అమ్మ సెట్టు కడిగావా?"

ఆమె రెండు తలల బ్రష్షూ, తువ్వాలూ, డబ్బా తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది.

"సింకులో ముందు తువ్వాలు పరవండి. వేడినీళ్ళు వద్దు. లోపలివైపు చిన్న తలతో. ఐదు నిమిషాలు పడుతుంది."

"నేనా? అదేమిటి, నువ్వు..."

"మీ అమ్మ పళ్ళు మీరు తోముతారు. నా పళ్ళు నేను తోముకుంటాను."

అతను తల్లి వైపు తిరిగాడు, తీర్పు అక్కడ దొరుకుతుందని. అత్తగారు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. రెండు చేతులూ మెల్లగా నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. పైవరస తీసింది. కింది వరస తీసింది. కొడుకు అరచెయ్యి పట్టుకుని అందులో పెట్టింది. బుగ్గలు లోపలికి పోయాయి, గడ్డం ముక్కు దగ్గరికొచ్చింది. అతను ఆ మొహాన్ని మొదటిసారి చూస్తున్నాడు. చేతిలోవి తడిగా, వెచ్చగా ఉన్నాయి. పడెయ్యనూ లేడు, పట్టుకోనూ లేడు.

ఆమె బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. బ్రష్షు కింద ఎడమవైపు పెట్టి మొదలుపెట్టింది. బయట భర్త గొంతు వినబడింది, ఎప్పుడూ వినని గొంతు.

"ఇవన్నీ ఎప్పుడు ఊడాయమ్మా? ఆ పాత సెట్టు ఎప్పటిది?"

"నువ్వు కాలేజీలో చేరిన ఏడు" అంది అత్తగారు, మెత్తటి గాలిమాటలతో. "ఆ రెండు నెలలూ నేను అలగలేదు నాన్నా. నోట్లో పళ్ళు లేక మాట్లాడలేదు."

ఎవరో తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. మెల్లగా ఒక్కసారి తట్టారు.

ఆమె గడియ తియ్యలేదు. ఇంకా నలభై సెకన్లున్నాయి.